పిలుపు లేని అంబలి

పోయిన ఆదివారం సాయంత్రం మా పై ఇంటి అమ్మాయి తలుపైనా తట్టకుండా నేరుగా వంటింట్లోకి వచ్చి, నా ఎదురుగా చాపమీద కూర్చుని, నేను వలుస్తున్న అనపకాయల్లోంచి ఒక గుప్పెడు తన ఒళ్ళోకి లాక్కుని, కాకినాడలో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. తిరుపతి దాటి ఎక్కడా ఉండి ఎరగని పిల్ల. "నువ్వు ఆడ శానా ఏండ్లు ఉండినావంట గదా పెద్దమ్మా, పోయే ముందు ఏమేం తెలుసుకోవాల్నో చెప్పు," అంటూ ఫోను తీసి రాసుకోవడానికి సిద్ధపడింది. నాకు నవ్వొచ్చింది. నన్ను ఏదైనా అడిగేవాళ్ళు వచ్చి చాలా కాలమైంది కాబట్టి, కాస్త సంతోషమూ కలిగింది.

చెప్పాను. ఉప్పు జాడీలోనే పెట్టుకోమన్నాను, గాలి తగిలితే రెండు రోజుల్లో నీరు కారుతుందని. చెనక్కాయలు మూటగట్టుకుని పోవద్దని, ఆ తేమకు బూజు పట్టి చేదెక్కుతాయని, రాగులు కావాలంటే కొట్లో చోళ్ళు అని అడగమని, తుపాను కబురు రాగానే ఇంట్లో బిందెలన్నీ నింపుకోమని చెప్పాను. సముద్రం పక్కనుంది కదా చల్లగా ఉంటుందనుకోవద్దు, మన ఎండ మాడిస్తే అక్కడి ఎండ ఉడకబెడుతుంది, ఆ ఊరివాళ్ళే సముద్రం చూడాలంటే సెలవు రోజు పనిగట్టుకుని వెళ్తారు అన్నాను. ఆ పిల్ల అన్నీ బుద్ధిగా రాసుకుంది. వీటిలో ఏదీ అబద్ధం కాదు గానీ, ఒక్కటీ నన్ను ఏడిపించిన సంగతి కాదు. నన్ను ఏడిపించింది ఒక అంబలి కుండ.

మాది చిత్తూరు. మా నాయన ఒక వకీలు దగ్గర గుమాస్తా. నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం వచ్చి కాకినాడలో వేసినప్పుడు మా బంధువుల్లో ఆ ఊరు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, ఆ మాటకొస్తే రైల్లో రాత్రంతా ప్రయాణం చేసినవాళ్ళే తక్కువ. అప్పటికే మామిడి మండీ వాళ్ళింటి నుంచి నాకొక సంబంధం వచ్చి ఉంది. మంచివాళ్ళే, కానీ కోడలు ఉద్యోగానికి వెళ్ళడం వాళ్ళ ఇంటా వంటా లేదు. అమ్మ ఆ సంబంధానికే మొగ్గింది. మా నాయన మాత్రం రైలెక్కించేటప్పుడు కిటికీ దగ్గర నిలబడి, "ఒక ఏడాది ఉండి సూడుమ్మా. మనసు నిలిస్తే నీ అదృష్టం. నిలవకపోతే మొగమాట పడొద్దు, వచ్చేయి, ఆ మండీ వాళ్ళు ఇంకా అడగతానే ఉండారు," అన్నాడు. ఆ మాటలో కోపం ఉండుంటే ఎదురు చెప్పి వెళ్ళేదాన్ని; ప్రేమ ఉండబట్టే భయమేసింది. నా జీతం మీద నేను బతకాలంటే ఆ ఊళ్ళో నా మనసు నిలవాలి, అంతే.

నిలవలేదు. ఎక్స్ఛేంజిలో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చుంటే ఊరు ఊరంతా నా చెవిలోనే మాట్లాడేది. ఎవరింట్లో పురుడు, ఎవరికి జబ్బు, ఎవరి కొడుకు పరీక్ష తప్పాడు అన్నీ తెలిసేవి. గొంతు విని మనిషిని పోల్చేదాన్ని. ఎనిమిది గంటలు అలా ఊరందరితో కాలక్షేపం చేసి గదికి వచ్చి తాళం తీస్తే, మళ్ళీ డ్యూటీ దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఆ తాళం తీసే క్షణమంటే నాకు ఎంత అసహ్యమో చెప్పలేను. మన ఈడు ఆడవాళ్ళు, ఆ రోజుల్లో ఒంటరిగా ఊరు కాని ఊళ్ళో ఉద్యోగం చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

మనుషులు చెడ్డవాళ్ళా అంటే కాదు. నేనుండే గది ఒక పెంకుటింటి వెనక భాగం. ఇంటివారమ్మ నాకంటే పాతికేళ్ళు పెద్ద, అయినా నన్ను మీరు అనీ, అండీ అనీ పిలిచేది. మా చిత్తూరులో మా అమ్మనూ, పక్కింటి అవ్వనూ, ఆ మాటకొస్తే దేవుణ్ణి కూడా నువ్వనే అంటాం. చేరిన మొదటి వారంలో ఒకరోజు, మా ఊళ్ళో అలవాటు ప్రకారం, ఏం కూర చేసినావక్కా అని నేరుగా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పీట వాల్చుకున్నాను. ఆవిడ ఉలిక్కిపడి లేచి, కొంగు సర్దుకుని, నన్ను ముందు గదిలోకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, ఇత్తడి గ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చి, తానూ ఎదురుగా కూర్చుంది. ఎంత మర్యాద చేసిందో అంత దూరం పెట్టినట్టు అనిపించింది నాకు. తర్వాత శ్రావణమాసంలో ఆవిడే కుంకుమ భరిణ పట్టుకుని నా గది ముందుకొచ్చి, బొట్టు పెట్టి, పేరంటానికి తప్పకుండా రావాలండీ అని పిలిచింది. గోడకు గోడ ఆనుకుని ఉండే మనిషిని బొట్టు పెట్టి పిలవడమేమిటి, బయటిదాన్ని కాబట్టే కదా అని, వెళ్ళి ఒక మూల కూర్చుని శనగలు కొంగున కట్టుకుని వచ్చేశాను. ఆ రాత్రి ఏడ్చాను కూడా.

అలా ఏడాది తిరిగి మా గంగమ్మ జాతర వచ్చింది. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్ళకు దీని గురించి వేరే చెప్పాలా? ఆ రోజు మా వీధిలో నాలుగిళ్ళకొక ఇంటి ముందర అంబలి కుండ ఉంటుంది. ముందు రోజు రాత్రి రాగిపిండీ నూకలూ ఉడికించి, పొద్దున్నే మజ్జిగా ఉప్పూ ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, ముక్కలూ కలిపి, కుండకు పసుపు పూసి వేపమండలు కట్టి వాకిట్లో పెడితే, దారినపోయేవాళ్ళూ వీధిలోవాళ్ళూ చెంబులు పట్టుకుని వాళ్ళే వస్తారు. ఎవరినీ పిలవకూడదని మా అమ్మ గట్టిగా చెప్పేది. అంబలి గంగమ్మది, పోసేవాళ్ళది కాదు, పిలిస్తే నాది తాగండి అని గొప్ప చెప్పుకున్నట్టవుతుంది అనేది. మేమూ పిలవలేదు, మమ్మల్నీ ఎవరూ పిలవలేదు, అయినా ఏ కుండా మధ్యాహ్నం దాకా మిగల్లేదు.

ఊరెళ్ళడానికి సెలవు దొరకలేదు. మా అమ్మ ఎవరి చేతో పంపిన రాగిపిండి ఉంది. బజారుకెళ్ళి కొత్త కుండ కొన్నాను. డ్యూటీ మార్చుకున్నాను. మనసులో ఒక మొక్కు కూడా పెట్టుకున్నాను. ఈ వీధిలో ఒక్క మనిషి వచ్చి ఒక్క గ్లాసు అంబలి తాగినా సరే, ఈ ఊళ్ళో ఉండిపోతాను, లేకపోతే ఆ సాయంత్రమే రైలెక్కి నాయన చెప్పినట్టు చేస్తాను అని. ఇప్పుడు తలుచుకుంటే ఎంత చిన్నపిల్ల చేష్టో గానీ, అప్పుడు నిజంగానే నా బతుకంతా ఆ కుండలో పెట్టేశాను.

గేటు దగ్గర ముక్కాలి పీట మీద కుండ పెట్టి, గరిటె పట్టుకుని నిలబడ్డాను. వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు, మళ్ళీ లోపలికి వెళ్ళారు. ఇంటివారమ్మ కిటికీలోంచి చూసి, కాసేపాగి తలుపు ఓరగా వేసుకుంది. ఒక రిక్షా అతను ఆగి కుండలోకి తొంగిచూసి, "గ్లాసెంతండీ?" అన్నాడు. అమ్మకానికి కాదు, అమ్మవారిది, తాగమన్నాను. "ఊరికే అయితే వద్దులెండమ్మా," అని తొక్కుకుంటూ పోయాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఎండ ఎక్కి ఒళ్ళంతా చెమటతో జిడ్డుగా తయారై, కుండలో అంబలి పులిసి నురగలు కట్టే దాకా నిలబడి, ఇక నిలబడలేక కుండ ఎత్తుకుపోయి వెనకున్న కొబ్బరిచెట్టు మొదట్లో పోసేశాను. కాళ్ళు తొక్కేచోట పోయకూడదు కదా, అందుకని అక్కడ. గంగమ్మ కూడా నాతోపాటు ఈ ఊరికి రాలేదనిపించి, గదిలోకొచ్చి బట్టలు సర్దుకున్నాను.

సంచి మూతి కడుతుంటే ఇంటివారమ్మ వచ్చింది. పట్టుచీర కట్టుకుని ఉంది, చేతిలో తళతళలాడే గిన్నె. మొహం మాత్రం కందిపోయి ఉంది. "ఏవండీ, పొద్దున్నే మీరు కుండకు పసుపు పూయడం చూసి తలంటి పోసుకుని, మీరొచ్చి పిలుస్తారని కూర్చున్నానండీ. నాలుగిళ్ళవాళ్ళూ నన్నడుగుతున్నారు, మిమ్మల్నైనా పిలిచారా అని. గేటు దగ్గర నిలబడి మమ్మల్నందర్నీ చూస్తూ కూడా ఒక్క మాట పిలవలేదు. ఏడాదై నా ఇంట్లో ఉంటున్నారు, నేనేం తక్కువ చేశానండీ మీకు?" అంది. అని ఆగలేక ఏడ్చేసింది.

పిలిస్తే తప్పని నేనూ, పిలవకుండా వస్తే తప్పని వాళ్ళూ, పొద్దున్నుంచీ వీధికి ఆ పక్కా ఈ పక్కా నిలబడి ఒకరి కోసం ఒకరం ఎదురుచూశామన్నమాట. మా ఊరి పద్ధతి ఇదండీ అని ఎలాగో చెప్పాను. ఆవిడ విని, వింతగా నా మొహం చూసి, నేను బోర్లించిన కుండను తిప్పి, అడుగున అంటుకుని ఉన్న అంబలిని వేలితో తీసి నోట్లో వేసుకుంది. పుల్లగా ఉందండీ అంది. నేను రైలెక్కలేదు. మరుసటేడు కుంకుమ భరిణ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పిలిచాను. పులుపుకు మొహాలు ముడుచుకుంటూనే అందరూ తాగారు. అక్కడే పెళ్ళయింది, నా జీవితమంతా అక్కడే గడిచింది, మా ఆయన పోయిందీ అక్కడే. రిటైరయ్యాక, పిల్లలు లేని మనిషిని, చివరి రోజులు మన గాలిలో గడుపుదామని, చిత్తూరులో మావాళ్ళెవరూ మిగల్లేదు గనక, అదీ మన ఊరే కదా అని తిరుపతి వచ్చి ఈ అపార్ట్‌మెంట్లో చేరాను.

ఇదంతా చెప్పి, కాబట్టి వెళ్ళగానే నీ అంతట నువ్వే పదిళ్ళకు వెళ్ళి నోరారా పిలువు, వాళ్ళు పిలిస్తే దూరం పెట్టారనుకోకు, అదే వాళ్ళ దగ్గరతనం అని ఆ పిల్లకు హితబోధ చేశాను. ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి నా వైపు చూస్తూ, "మా అమ్మ నీ గురించి ఎప్పుడూ అంటా ఉంటాది పెద్దమ్మా. కింద ఆ పెద్దామె మూడేండ్లయినా మనింట్లో కాలు పెట్టలేదే, మనమంటే ఏమన్నా పడదా అని," అంది.

మీరు పిలవలేదు కదమ్మా అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

మొన్న వేసవిలో జాతర రోజు మా వీధి మలుపులో అంబలి కుండ పెట్టారు. నేను పొద్దున్నే తలంటుకుని, చెంబు కడిగి పెట్టుకుని, బాల్కనీలో నిలబడ్డాను. ఈ పిల్ల తల్లే అక్కడ గరిటె పట్టుకుని పోస్తోంది. మా అపార్ట్‌మెంట్ వాళ్ళు ఒక్కొక్కరే దిగి వెళ్ళి తాగి వస్తున్నారు. ఆమె రెండుసార్లు తలెత్తి నన్ను చూసింది కూడా. పిలుస్తుందేమోనని చూశాను. పిలవలేదు. ఈ ఊళ్ళో మనుషులు మారిపోయారు, పూర్వపు ఆప్యాయతలు ఇప్పుడెక్కడివి అని నిట్టూర్చి లోపలికొచ్చి తలుపేసుకున్నాను. నాలాంటి వయసు వాళ్ళం ఎక్కడ కలిసినా చెప్పుకునే మాటే అది. లోకం మారిపోయిందని బల్ల గుద్ది చెబుతాం.

కానీ ఆ రోజు మా వీధిలో ఏదీ మారలేదు. కుండ అలాగే ఉంది, వేపమండలు అలాగే ఉన్నాయి, ఎవరినీ పిలవకూడదన్న పట్టింపూ చెక్కుచెదరలేదు. మారింది నేను. పిలిపించుకోవడం నేర్చుకుని, మా ఊళ్ళో నేనే పరాయిదాన్నయ్యాను. ఆ పిల్ల నిన్న రైలెక్కింది. ఊరికి పోయేవాళ్ళు ఏం తెలుసుకోవాలో అడిగితే చెప్పడానికి నాలాంటివాళ్ళు ఉన్నారు గానీ, తిరిగి వచ్చేవాళ్ళకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. పైన వాళ్ళమ్మ ఒక్కతే అటూ ఇటూ నడుస్తున్న అలికిడి ఇప్పుడు కూడా వినిపిస్తోంది. వెళ్ళాలనే ఉంది. పిలవకుండా ఎలా వెళ్ళడమా అని, నా ఊళ్ళో నేనే, ఇంకా కూర్చునే ఉన్నాను.