పదిహేడో పేరుకు పలికిందెవరు?

మా అమ్మమ్మ పోయిన వారానికే, ఆమె పోయిన గదిలో, ఆమె మంచం మీదే కూర్చుని పదో తరగతి పరీక్షలకు చదివినదాన్ని నేను. దెయ్యాలంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. కోట అనే ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. ఇది రాస్తున్నది ఎవరినీ భయపెట్టడానికి కాదు. కోపంతో రాస్తున్నాను.

మా చర్చిలో యూత్ గ్రూపుకు తొమ్మిదేళ్ళు నేనే లీడర్‌ని. ఏటా ఒక శని, ఆదివారాలు పిల్లల్ని క్యాంపుకు తీసుకుపోతాం. ఆ ఏడాది సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో పెట్టాం. అల్పపీడనం ఉందని ఫోన్లో చూశాను. జల్లులే కదా అనుకున్నాను. ఆ తప్పు నాది. దాన్ని ఎవరి మీదా వేయను.

పిల్లలు ఇరవై ముగ్గురు, అందరూ కాలేజీ వయసు వాళ్ళే. పెద్దవాళ్ళం నేను, ఆటో నడిపే ప్రభాకరన్న. మధ్యాహ్నం భోజనాలయ్యే దాకా చినుకు లేదు. మూడు దాటాక సముద్రం మీద నుంచి ఒక్కసారిగా కమ్ముకొచ్చింది. టెంట్లు నిలబడలేదు. కిలోమీటరు దూరంలో తుఫాను షెల్టర్ ఉంది. సామాన్లు నెత్తిన పెట్టుకుని, రొయ్యల గుంటల గట్ల మీదుగా అందరం అక్కడికి పరుగెత్తాం.

షెల్టర్ పైఅంతస్తులో ఒకటే పెద్ద హాలు. కిటికీలన్నీ మూసేశాం. అయినా వాన హోరుకు పక్కమనిషి మాట వినాలంటే అరవాల్సిందే. కరెంటు లేదు. నాలుగుంబావుకు నేను లిస్టు తీసి హాజరు పిలిచాను. కాగితం కనపడక, గ్రేసి అనే అమ్మాయి నా భుజానికి భుజం ఆనించి నిలబడి ఫోన్ లైటు పట్టుకుంది. గ్రేసి ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకోండి. తర్వాత జరిగినదంతా ఆ పిల్ల నెత్తినే పడింది.

లిస్టు అక్షరాల వరుసలో లేదు. పొద్దున ఆటోలెక్కిన వరుసలో రాసుకున్నాను. పదహారో పేరు దేవదాసు. ఒకసారి పిలిస్తే పలకలేదు, రెండోసారి గట్టిగా పిలిస్తే పలికాడు. పదిహేడో పేరు సలోమి. డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లది బొంగురు గొంతు, వంద మందిలో ఉన్నా తెలిసిపోతుంది.

"ఉన్నానక్కా."

ఎదురుగా మెట్ల వైపు నుంచి వచ్చింది ఆ మాట. బట్టలు పిండుకుంటూ ఏడెనిమిది మంది అక్కడ గుంపుగా ఉన్నారు. నేను తలెత్తలేదు, టిక్కు పెట్టి పద్దెనిమిదో పేరు పిలిచాను. ఇరవై మూడూ సరిపోయాయి. మనసు కుదుటపడి టీ పెట్టమన్నాను.

తడిసిన కట్టెలతో ఆ టీ కాగేసరికి అయిదున్నర. గ్లాసులు పంచుతూ గ్రేసి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, సలోమి యాడుంది?"

"ఉండాలే. ఇందాక పలికింది కదా."

"పలికింది, నేనూ విన్నా. కానీ పైనా కిందా వెతికినా. యాడా లేదక్కా."

మెట్ల దగ్గర నిలబడిన పిల్లల్ని అడిగాను. అందరూ ఆమె గొంతు విన్నారు. ఆమెను చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. తమ వెనక ఉందేమో అనుకున్నారంతా. సామాన్లలో కలిపి ఎవరో మోసుకొచ్చిన సలోమి బ్యాగు గోడవార ఉంది. ఫోను అందులోనే ఉంది.

ప్రభాకరన్న, నేను, ఇద్దరు కుర్రాళ్ళు వచ్చిన దారినే వానలో వెనక్కి పరుగెత్తాం. తోపు ఇంకా కనపడకముందే, గుంటల నీళ్ళు కాలవలోకి వదిలే తూము దగ్గర పసుప్పచ్చ చున్నీ కనపడింది. గట్టు విరిగి ఆ పిల్ల కాలవలోకి జారింది. కాలు తూము రాళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. నీళ్ళు రొమ్ముల దాకా వచ్చి ఉన్నాయి. ప్రభాకరన్న మునిగి రాయి జరిపాడు. మేం ముగ్గురం చంకల కింద చేతులేసి లాగాం. చీలమండ విరిగి, పాదం పక్కకు తిరిగిపోయింది.

పైకి తీసి గట్టు మీద పడుకోబెడితే ఏడవలేదు. నా వైపు కోపంగా చూసింది.

"పిలిచినావు, పలికినాను. మరి ఎందుకు రాలేదక్కా?"

నొప్పికి ఏదో అంటోందనుకున్నాను. ఆటోలో ఆసుపత్రికి పోతుంటే దారిలో వరుసగా చెప్పింది. పక్కనున్న జాలర్ల పాళెం వాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన టార్పాలిన్ గాలికి కొట్టుకుపోతుందని సగం దారి నుంచి ఒక్కతే వెనక్కి మళ్ళిందట. జారి పడ్డాక అరిచి అరిచి ఊరుకుందట. కొంతసేపటికి నా గొంతు వినపడిందట, క్లాసులో పిలిచినట్టు, ఒక్కో పేరే.

"దేవదాసుని రెండుసార్లు పిలిచినావు. తర్వాత నన్ను. ఉన్నానక్కా అన్నా. ఇంక వచ్చేస్తావులే అనుకున్నా."

నేను ఆటో రాడ్డు పట్టుకుని కూర్చున్నాను. దేవదాసును రెండుసార్లు పిలిచిన సంగతి ఆ పిల్లకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నేను, ప్రభాకరన్న, ఆ ఇద్దరు కుర్రాళ్ళు తప్ప ఎవరూ ఆమె దగ్గరికి రాలేదు. మేం చెప్పలేదు.

జరిగింది ఇంతే. దీనికంటే ఆ తర్వాతదే నాకు మంట.

రెండు వారాలకు చర్చి కమిటీ కూర్చుంది. పెద్దలు అయిదు నిమిషాల్లో తేల్చేశారు. కాలేజీ పిల్లలకు ప్రాక్సీ చెప్పడం అలవాటే, గ్రేసి సలోమికి స్నేహితురాలు, కాబట్టి గ్రేసే పలికింది అన్నారు. ఆ పిల్లను పిలిచి, వాళ్ళమ్మను బయట కూర్చోబెట్టి, క్షమాపణ అడగమన్నారు.

నేను లేచాను. నా పక్కన నిలబడి లైటు పట్టుకున్న పిల్ల ఎదురుగా మెట్ల వైపు నుంచి ఎట్లా పలుకుతుంది? తానే ప్రాక్సీ చెప్పి, తానే వచ్చి మనిషి లేదని చెప్తుందా? ఇరవై ఏళ్ళుగా అటెండెన్సు తీసుకుంటున్నాను, ప్రాక్సీ గొంతు నాకు తెలియదా? ఇవన్నీ అడిగాను.

"మరి దెయ్యం పలికిందని సంఘంలో చెప్పమంటావా అమ్మా?" అన్నారు పెద్దాయన.

ఇంకొకాయన, దేవుడే పలికాడు, దీన్ని సాక్ష్యంగా చెప్పించుదాం అన్నారు. దేవుడే పలికుంటే ఉన్నానని ఎందుకంటాడు, లేదని చెప్పి మమ్మల్ని లేపాలి కదా అన్నాను. దానికి నోటిదురుసు మనిషినని పేరొచ్చింది.

సలోమి చంకలో కర్రలతో వచ్చి చెప్పింది, "గ్రేసి కాదు. పలికింది నేనే." నొప్పి మైకంలో కలవరించి ఉంటావులేమ్మా అని కూర్చోబెట్టారు.

గ్రేసి క్షమాపణ అడగలేదు. తల వంచుకుని "నేను కాదయ్యగారూ" అని మూడుసార్లు అంది. మరుసటి ఆదివారం నుంచి చర్చికి రావడం మానేసింది. కాలేజీలో కూడా ఆ పిల్లను ప్రాక్సీ అని పిలుస్తున్నారని వాళ్ళమ్మ చెప్పింది.

దూరం నేనే ఒకరోజు నడిచి చూశాను, షెల్టర్ నుంచి తూముకు నా అంగల్లో ఏడు వందల పైనే. వాన లేని రోజున, కిటికీలు తెరిచిపెట్టి, నేను హాల్లో నుంచి ఆ పేర్లన్నీ గొంతు చించుకుని పిలిచాను. తూము దగ్గర నిలబడిన ప్రభాకరన్నకు సముద్రం తప్ప ఏమీ వినపడలేదు.

ఈ ఏడాది క్యాంపుకు మళ్ళీ నన్నే రమ్మన్నారు. ముందు గ్రేసి ఇంటికి పోయి, ఆ పిల్లతో తప్పైందని చెప్పి రండి, ఆ రోజే వస్తానన్నాను. ఇంతవరకూ ఎవరూ పోలేదు.

నీళ్ళలో ఉన్న పిల్లకు నా పిలుపు ఎట్లా చేరిందో, ఆమె మాట మా మెట్ల దగ్గర ఎట్లా వినపడిందో నాకు తెలియదు. ఎంతమంది అడిగినా అదే చెప్తున్నాను. తెలియదనడానికి నాకు సిగ్గు లేదు. తెలియదని ఒప్పుకోలేక ఒక ఆడపిల్లను అబద్ధాలకోరును చేసినవాళ్ళే సిగ్గుపడాలి.