రాత్రి యాడ పండుకుంటం?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, ఖానాపురం హవేలిలో మా అమ్మాయి వాళ్ల ఇంట్లో నేను వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ సెలవుకు వచ్చిన మా మనవరాలు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. స్నేహితురాళ్లిద్దరితో కలిసి, చేతిలో ఉన్నంతలో యూరప్ చూసి రావాలని దాని ముచ్చట. పన్నెండు రోజుల్లో ఏడు దేశాలు కుదిరాయట. పారిస్‌లో దిగి, అక్కణ్ణించి ఆమ్‌స్టర్‌డాం, అటునుంచి బెర్లిన్, ప్రాగ్, ఇంకా ఏవేవో ఊపిరి తీసుకోకుండా చదువుకుంటూ పోతుంటే, ఏమీ ఎక్కకుండానే నాకు నడుము నొప్పి పుట్టింది. "అంత బాగనే ఉన్నది గని, రాత్రి యాడ పండుకుంటరే?" అన్నాను. "బస్సులల్లనే పండుకుంటం అమ్మమ్మా, హోటల్ కిరాయి మిగుల్తది," అని నవ్వి అది మళ్లీ తెరలోకి తల దూర్చింది. నేను మాత్రం చేతిలో కాయ చేతిలోనే పెట్టుకుని ఉండిపోయాను. ఆ ప్రశ్న నాది కాదు, వాళ్ల తాతయ్యది. ఆయన పోయేనాటికి ఇది చాలా చిన్నది కాబట్టి దానికి తెలియదు.

మీలో బొగ్గుబావుల ఊళ్లలో కాపురాలు చేసినవాళ్లకు టూరు బస్సుల సంగతి నేను చెప్పనక్కర్లేదు. మావారు కొత్తగూడెంలో బాయిలో పని చేసేవారు, నేను కాలనీ బడిలో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. సెలవులు కలిసొచ్చిన ఏడాది కాలనీ క్వార్టర్లన్నీ కలిసి ఒక బస్సు మాట్లాడుకునేవి. బస్సు మీద బియ్యం మూటలు, గ్యాస్ పొయ్యి, పెద్ద పెద్ద గంజులు, లోపల పిల్లా జెల్లా, ముసలీ ముతకా. తెల్లారకముందే ఒక గుడి, పగలు ఇంకో గుడి, సాయంత్రం సముద్రం ఉంటే సముద్రం, లేకపోతే మూడో గుడి, రాత్రంతా ప్రయాణం. రోడ్డు పక్కన పెట్రోలు బంకులో నీళ్లు దొరికితే అక్కడే వంట, అక్కడే స్నానాలు. ఈ మొత్తం తిరునాళ్లకు పెద్ద మావారే. పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి కాబట్టి భక్తులను రేవు దాటించడం ఆయనకు పుట్టుకతో వచ్చిన పని అని మేమందరం ఆటపట్టించేవాళ్లం.

పేరుకు నేను దక్షిణమంతా చూశాను, ఉత్తరం సగం చూశాను. నిజం చెప్పాలంటే నేను చూసింది ఉల్లిగడ్డలు. వంటమనిషి ఒక్కడే ఉండేవాడు కాబట్టి ఆడవాళ్లమంతా తరగడానికి కూర్చునేవాళ్లం, మావారు ముందు సీటు దగ్గర నిలబడి మనుషులను లెక్కపెట్టుకుంటూ, తప్పిపోయిన ముసలాయన కోసం గుడి చుట్టూ పరుగెత్తుతూ ఉండేవారు. అన్ని ఊళ్లు తిరిగి, ఆయన పక్కన కూర్చుని ఒక్క కప్పు చాయ్ తాగిన గుర్తు లేదు నాకు. ఆ మాట ఇంటికొచ్చాక అంటే, వచ్చేసారి చూద్దాంలే అనేవారు, వచ్చేసారి ఇంకో నలుగురు ఎక్కువ ఎక్కేవారు.

ఒకసారి మాత్రం రామేశ్వరం పోతుంటే దారిలో, పేరు కూడా సరిగ్గా పలకడం రాని ఒక చిన్న ఊళ్లో బస్సు ఇరుసు విరిగింది. సామాను మధురై నుంచి రావాలన్నారు. ఆ ఊరి సత్రంలో రెండు రాత్రులు పడుకున్నాం. మొదటి రోజు అందరూ మావారి మీద చిటపటలాడారు. రెండో రోజుకు ఆడవాళ్లు పక్క వీధిలో పూలు కట్టేవాళ్లతో భాష రాకపోయినా స్నేహం చేశారు, మగవాళ్లు చెరుకు తోట చూసి వచ్చారు, పిల్లలకు ఆ ఊరి పిల్లల ఆటలు వచ్చేశాయి. తిరిగి వచ్చిన చాలా ఏళ్లకు కూడా కాలనీలో ఎవరిని కదిలించినా ఆ సత్రం గురించే చెప్పేవారు తప్ప, మేం పరుగులు పెట్టి చూసిన గొప్ప గొప్ప గోపురాలు ఒకదాంతో ఒకటి కలిసిపోయి ఎవరికీ గుర్తుండేవి కావు. మావారికి ఇది ఎక్కడో తగిలింది. అప్పటినుంచి ఎవరు ఏ ప్రయాణం చెప్పినా ముందు అడిగే మాట ఒకటే, రాత్రి యాడ పండుకుంటం?

ఆయన ఉద్యోగ విరమణ చేసిన ఏడు, ఎవరో టూర్లవాళ్లు కాలనీలో రంగుల కాగితాలు పంచి పోయారు. పదిరోజుల చిల్లరలో యూరప్‌లో తొమ్మిది దేశాలు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలితో పగళ్లు వదిలేసి రాత్రులు మాత్రమే చదువుకుంటూ పోయి, "గిది మన బస్సే. రంగు మారింది గంతే," అని కాగితం నా చేతిలో పెట్టారు. కానీ కాగితం పెట్టేసినా కోరిక పోలేదు. ఆ మాత్రానికి తానేమన్నా తెలివిగా మొదలుపెట్టారా అంటే అదీ లేదు. మొదటి ప్లాను వేసినప్పుడు కాలనీవాళ్లను ముప్పైమందిని పోగుచేసి, అక్కడే ఒక బస్సు కిరాయికి తీసుకుని, వంటమనిషిని ఇక్కణ్ణించే తీసుకుపోయి, రోడ్డు పక్కన పొయ్యి వెలిగిస్తే ఎంత కలిసొస్తుందో ఆలోచించారు మహానుభావుడు. ఆ దేశాల్లో పెట్రోలు బంకులో పప్పుచారు కాచనివ్వరని ఇంటర్నెట్ సెంటర్ కుర్రవాడు చెబితే రెండు రోజులు ముభావంగా ఉన్నారు.

అప్పుడు నేను బడిలో చిరుగుపట్టి పక్కన పెట్టేసిన యూరప్ పటం తెచ్చి గోడకు తగిలించాను. పిల్లలకు నదులు చెప్పేటప్పుడు డాన్యూబ్ దగ్గర నా వేలు ఎప్పుడూ కాసేపు ఆగేది, అన్నేసి దేశాలు దాటిపోయే నది ఎలా ఉంటుందోనని. అది చూపించాను. గోదావరి మనిషికి ఇంకేం చెప్పాలి, ఆయన కుర్చీ లాక్కుని పటం ముందు కూర్చున్నారు. అంతే, దేశాలు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. వియన్నాలో దిగడం, అక్కడే కొన్ని రాత్రులు ఉండి మధ్యలో ఒకరోజు గంటసేపటి రైల్లో బ్రాటిస్లావా పోయి సాయంత్రానికి వచ్చేయడం, తర్వాత పగటి రైల్లో బుడాపెస్ట్ పోయి మిగిలిన రాత్రులు అక్కడ గడిపి, వెనక్కి రాకుండా అటునుంచి అటే విమానం ఎక్కేయడం. మూడు దేశాలు, ఒకే నది, పెట్టె మోసేది ఒక్కసారి. రద్దీ తగ్గి ధరలు దిగే దసరా తర్వాతి రోజులు. వంటగది ఉన్న గది దొరికితే నా పప్పుచారుకూ ఢోకా లేదు. వీసా సంగతి తెలిసిన రోజైతే ఆయన ఆనందం చూడాలి. ఒక్క వీసాతో ఆ దేశాలన్నీ తిరగొచ్చట, అయితే ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటామో ఆ దేశాన్నే అడగాలట. "సూసినవా, ఆళ్లు గుడ గదే అడుగుతున్నరు, రాత్రి యాడ పండుకుంటరని!" అని కాలనీ అంతా చెప్పుకుని వచ్చారు. హైదరాబాదు పోయి ఇద్దరం పాస్‌పోర్టులు కూడా తెచ్చుకున్నాం.

అయినా ఆయనకు ధైర్యం చాలలేదు. యాభైమందిని తిప్పిన మనిషికి ఇద్దరే పోవడం రాదు మరి. ముందు ఇక్కడే ఒకసారి అలవాటు చేసుకుందామన్నారు. రాష్ట్రం విడిపోకముందు మాట ఇది. భద్రాచలం దాటి అడవి దారిన చింతూరు పోతే అక్కణ్ణించి కాస్త దూరంలో ఛత్తీస్‌గఢ్, శబరి నది అవతల ఒరిస్సా. మన యూరప్ గదే అన్నారు. షరతులు పెట్టారు: ఎవరి సంచి వాళ్లే మోయాలి, ఇంటినుంచి పులిహోర కట్టకూడదు, చింతూరులో రెండు రాత్రులు ఒకే గదిలో ఉండాలి. పులిహోర కట్టలేదు గానీ చింతకాయ తొక్కు చీర మడతల్లో దాచాను.

గోదావరి బ్రిడ్జి మీద బస్సు పోతున్నప్పుడు అలవాటు చొప్పున ఆయన లేచి నిలబడి వెనక్కి తిరిగి సీట్లన్నీ ఒకసారి చూశారు. లెక్కపెట్టడానికి నేను తప్ప ఎవరూ లేరు. సిగ్గుపడి కూర్చున్నారు. మరునాడు కోంటా పోయి ఛత్తీస్‌గఢ్ చాయ్ తాగాం, పడవెక్కి అవతల ఒడ్డున ఒరియా మాటల మధ్య సైగలతో వేడి వేడి వడలు కొనుక్కుని తిన్నాం. దారిలో అడవి చెక్‌పోస్టు దగ్గర ఒకాయన బస్సెక్కి మా సంచులు తడుముతుంటే తొక్కు సీసా బయటపడి నా పరువు పోయింది. సాయంకాలం చింతూరు సంతలో కోయ ఆడవాళ్ల దగ్గర విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్ట కొన్నాను, ఎందుకు కొన్నానో ఇప్పటికీ తెలియదు. చీకటి పడితే ఆ దారిలో బస్సులు తిరిగేవి కావు, కావాలన్నా వెనక్కి పోయే వీలు లేదు. అందుకని శబరి ఒడ్డున ఒక బండ మీద కూర్చున్నాం.

ఏం మాట్లాడుకున్నాం అంటే పెద్దగా ఏమీ లేదు. ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నారు. ఎవరూ పిలవలేదు, ఎవరికీ ఉల్లిగడ్డలు తరగనక్కర్లేదు. కాసేపటికి, "గీ నీళ్లు కూనవరం కాడ మా గోదాట్ల కలుస్తయి. గా పటంల నది గుడ గిట్లనే ఉంటదంటవా?" అన్నారు. పోయి చూస్తే కదా తెలిసేది అన్నాను. "పోదాం. ఎవ్వల్ని ఎంట తోలుకోకుండ మనిద్దరమే పోదాం," అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆ మాట వినడం అదే మొదలు. నాకు యూరప్ మీద అంతగా మోజు ఉందని ఇంట్లో అందరూ అనుకుంటారు గానీ, నాకు కావలసింది ఆ ఒక్క మాట, ఆ మాట నిజమయ్యే ఇంకొక సాయంత్రం.

తిరిగి వచ్చాక కాలనీలో పెద్దవాళ్లు కాశీ పోవాలని, నువ్వు లేకపోతే మేం కదలలేమని ఆయన చుట్టూ చేరారు. ఈ ఒక్కసారికి వీళ్లను దింపి వస్తే వచ్చే దసరా తర్వాత మనదే అన్నారు, ఆయన మనసు తెలిసిన నేను సరే అన్నాను. ఆ కాశీ నుంచి వచ్చింది మొదలు ఊపిరి ఆడకపోవడం ఎక్కువైంది. ఎన్నో ఏళ్లు బొగ్గు ధూళి పీల్చిన ఛాతీ అది. విమానం మాట ఎత్తొద్దని దవాఖానాలో చెప్పారు. మంచం మీద ఉండి కూడా గోడ మీద పటం తీయనివ్వలేదు. వచ్చే దసరా వచ్చింది, ఆయన లేరు.

ఇదంతా మనవరాలికి ఆ ఆదివారం చెప్పాను. చిక్కుడుకాయల కూర మధ్యాహ్నం బదులు రాత్రికి అయింది. అది స్నేహితురాళ్లకు ఫోన్ చేసి ఏడు దేశాల్లో నాలుగు తీసేయించింది. "తాతయ్య ప్లానే బుక్ చేస్తున్నం అమ్మమ్మా. నువ్వు గుడ రా," అంది. ముగ్గురు ఆడపిల్లల మధ్య నేనెందుకులే అన్నాను. నన్ను చింతూరు తీసుకుపొమ్మన్నాను.

పోయిన వారం కారు కిరాయికి తీసుకుని పోయాం. భద్రాచలం ఊరు దాటుతూనే వేరే రాష్ట్రం బోర్డు కనిపించింది. మా లాడ్జి ఉన్న చింతూరు ఇప్పుడు మన జిల్లాలోనే కాదు, మన రాష్ట్రంలోనే లేదు. మావారు ఉంటే ఒక దేశం కలిసొచ్చిందని మురిసిపోయేవారు. లాడ్జి ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. ఆ బండ మాత్రం దొరికింది, అదేనని నేను అనుకుంటున్నాను. మనవరాలు నాకూ నదికీ కలిపి నాలుగు ఫోటోలు తీసి ఫోన్ చూసుకుని, "జల్దీ బయలెల్లితే రాత్రికల్లా ఇంట్ల ఉంటం అమ్మమ్మా," అంది. దాని తప్పేమీ లేదు. మాకు ఆ రోజుల్లో బస్సు ఉండేది కాదు కాబట్టి ఆగాం. ఇప్పుడు దారులు బాగయ్యాయి, ఎంత దూరం పోయినా చీకటి పడేలోగా తిరిగి రావచ్చు, ఎక్కడా ఆగవలసిన అవసరం ఎవరికీ రావడం లేదు. మంచిదే. కానీ ఆ రెండు రాత్రులు బస్సు ఉండి ఉంటే మావారు ఆ మాట అనేవారు కాదేమోనని నాకు దిగులుగా ఉంటుంది.

"పోవుడు వద్దే. ఈ రాత్రి ఈడనే పండుకుందాం," అన్నాను. అది నా ముఖం చూసి, వాళ్లమ్మకు ఫోన్ చేసి రేపు వస్తామని చెప్పింది. నేను చెప్పులు విప్పి, అలవాటుగా బండకు ఒక చివరకు జరిగి, ఆయన కూర్చున్న చోటు వదిలి కూర్చున్నాను. మనవరాలు ఆ ఖాళీ వైపు ఒకసారి చూసింది. తర్వాత నా వెనకనుంచి తిరిగి వచ్చి, నా రెండోపక్క నేల మీద కూర్చుంది.