ఆది జాకెట్టు ఇగ పనికిరాదన్నది

ఈరోజు సారపాక ఊర్ల జాకెట్లు కుట్టే నాగమణక్క దగ్గరికి పోయిన. మిగిలిన గుడ్డ పీలిక అడిగినా కసురుకునే మనిషి. ఎప్పట్లెక్కనే కొలతకు ఆది జాకెట్టు ఇస్తే, నన్ను ఎగాదిగా చూసి, "ఇది ఇగ పనికిరాదు చెల్లె. చేతులు పుల్లలైనయి, పొట్టేమో పెరిగింది. ఏంది గిట్లయినవ్?" అన్నది.

నాకు హెచ్ఐవీ ఉన్నదని నా పోస్టులు చదివే మీకు తెలుసు, ఆమెకు తెల్వదు. చిరాకుల చెప్పేసిన. "హెచ్ఐవీ మందులక్కా. పానం నిలబెట్టినయి గానీ చెంపల, చేతుల కొవ్వు కరగదీసినయి, పొట్ట పెంచినయి. డాక్టర్ మందు మార్చిండు. పోయిన కొవ్వు మళ్ల వస్తదో రాదో చెప్పలేనన్నడు."

ఇగ నన్ను ముట్టుకోదనుకున్న. ఆమె నా చెయ్యి పట్టుకొని టేపు చుట్టింది. "కూసో, ఇప్పుడే కుట్టి ఇస్త" అన్నది.

కుట్టినంక తిప్పి చూస్తే, రెండు చేతుల కుట్ల లోపల బొటనవేలు వెడల్పున గుడ్డ మడిచి ఉన్నది.

"గింత గుడ్డ లోపల ఎందుకక్కా?" అన్న.

"చేతులు మళ్ల నిండినంక కుట్లు విప్పుకోవద్దా?" అన్నది, తలెత్తకుండనే.

వచ్చేటప్పుడు మిగిలిన పీలిక అడిగిన. ఎప్పట్లెక్కనే కసురుకున్నది. ఇంత సంతోషంగ తిట్లు ఎన్నడూ తినలేదు.

మీ టైలరమ్మ పీలికలు ఇస్తదా?