బండి మూతి రోడ్డు వైపే

మా వదిన పోయింది. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని వాకిట్లో మెట్టు మీద కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందట. "పాపా, మీ వదిన పలకతా లేదు మే" అని మా అన్న ఫోన్ చేసినప్పుడు నేను తిరువళ్ళూరులో మా అమ్మాయికి తల దువ్వుతున్నాను. గుండు తరవాత ఇప్పుడిప్పుడే పెరిగిన జుట్టు దానిది. దువ్వెన ఎక్కడ పడేశానో కూడా తెలియదు. తిరుత్తణిలో రైలు దిగి అన్న ఇల్లు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. పక్కన రేకుల షెడ్డులో వాళ్ళ వ్యాను. ఆమె ముఖమైనా చూడగలిగాను గానీ, ఆ వ్యాను వైపు తల ఎత్తలేకపోయాను.

ఎందుకో చెప్పాలంటే ఆ బండి సంగతి చెప్పాలి. మా అన్న కాట్టుపల్లిలో ఓడల దగ్గర చాలాకాలం వెల్డింగ్ పని చేశాడు. షుగర్ వచ్చి చూపు మందగించాక పని మానేశాడు. ఊరికే కూర్చోలేక, పూలమూటలు తోలే పాత వ్యాను ఒకటి కొని, లోపల మంచం, పొయ్యికి బల్ల, నీళ్ళ డ్రమ్ము అన్నీ తన చేత్తోనే బిగించాడు. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? "కారవానంటే సినిమావాళ్ళకు గదప్పా, మీకెందుకు?" అని ఒకటే ఎగతాళి. వదిన పాత చీర చింపి కిటికీలకు తెరలు కుడుతూ, "మేమూ సినిమావాళ్ళమే. ఈయన హీరో, నేను డ్రైవరు" అంది.

నిజంగానే ఆమే డ్రైవరు. పెళ్ళికి ముందే వాళ్ళ నాయన పొలంలో ట్రాక్టరు తోలింది. నాకు సైకిలు నేర్పిందీ ఆమే. మోకాలు చెక్కుకుపోయి నేను ఏడుస్తుంటే, "ఏడ్చేది ఇంటికి పోయినాక ఏడువు, ఇప్పుడు తొక్కు" అనేది. మనిషి పొట్టి. వ్యాను సీటు పూర్తిగా ముందుకు జరిపి, దాని మీద దిండు మడిచి వేసుకునేది. ఎడమ పక్కన కూర్చున్న అన్న దారి పొడుగునా "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉంటాడు. "నువ్వు కండ్లు మూసుకో సామీ, నేను తెరుచుకోనే ఉండాను" అని ఆమె జవాబు.

పులికాట్ సరస్సు దగ్గరి పళవేర్కాడులో మొదలుపెట్టి, సముద్రం పక్కనే ఊరూరా ఆగుతూ ఇద్దరూ దక్షిణానికి పోయారు. చేపలమ్మే ఆడవాళ్ళు "ఎన్నక్కా, వండి నీయా ఓట్టుర?" అని, బండి నువ్వా తోలేదని అరవంలో అడిగి నోరు తెరిస్తే, వాళ్ళ పక్కనే చతికిలబడి పులుసు ఎట్లా పెడతారో అడిగేది. వెంటనే నాకు ఫోను. "అమ్మణ్ణీ, నాగపట్టణంలో టెంకాయ రుబ్బి పోస్తారు మే పులుసులో! మనం ఇన్నాళ్ళూ వట్టి చింతపండు తాగి బతికినాం!" నేను వంటింట్లో నవ్వుకునేదాన్ని. ఆ నవ్వులో కాస్త కుళ్ళు కూడా ఉండేదేమో, ఇప్పుడు అనిపిస్తోంది.

ఏ ఊళ్ళో ఆగినా బండి వెనక్కి తిప్పి, మూతి రోడ్డు వైపు పెట్టేది. "పోవాలంటే పోయేట్టుండాల. పొద్దున్నే లేచి ఆ రివర్సు గేరుతో ఎవరు కొట్లాడేది?" అనేది. ఆమె కోరికంతా ఒకటే. కన్యాకుమారిలో, ఇంక రోడ్డు లేదు అనే చోట బండి ఆపి టీ పెట్టుకోవాలి. "గుడీ, సూర్యోదయం మీ అన్న చూసుకోనీ. నాకు టీ చాలు."

అప్పుడు చేశాను నేను ఫోను. మా అమ్మాయికి తిరుత్తణి కొండ మీద గుండు గీయించి చెవులు కుట్టించాలి. మాలో మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టిస్తారు. మా అత్తగారు పాపం, "మీ అన్న దూరంలో ఉంటే వచ్చే నెల పెట్టుకుందాం లేమ్మా" అని కూడా అన్నారు. నాకే రోషం. సొంత అన్న రాలేదంటే ఆడబిడ్డల ముందు చిన్నబోతానని నా ఏడుపు. అన్న సెల్లు వదిన ఎత్తింది. "మీకు బండి ఎక్కువా, మేనకోడలు ఎక్కువా వదినా?" అన్నాను. పిల్లల్లేని మనిషితో అనాల్సిన మాటేనా అది! వెనక సముద్రం హోరు వినబడుతోంది. "ఏం మాట మే అది! పాపకంటేనా? వచ్చేస్తాం" అంది. యాడున్నారని నేను అడగలేదు.

వచ్చారు. అన్న ఒళ్ళో మా అమ్మాయి కొండ దద్దరిల్లేట్టు ఏడుస్తుంటే, వదిన దాని నోట్లో బెల్లం ముక్క పెట్టి, చెవుల దగ్గర ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ తనూ ఏడ్చింది. ఇంటికొచ్చి బండి షెడ్డులో పెట్టి, "మళ్ళీ పోదాం, సముద్రం యాడికి పోతుంది?" అంది. తరవాత అన్న కంటి ఆపరేషను, ఆపైన వానలు, నాట్లు. మళ్ళీ పోనేలేదు.

పెద్దకర్మ అయి చుట్టాలందరూ వెళ్ళాక అన్నను అడిగాను.

"అన్నా, ఆ పొద్దు నేను ఫోన్ చేసినప్పుడు యాడున్నారు మీరు?"

"తిరుచెందూరులో."

అక్కడినుంచి కన్యాకుమారి ఒక్క పూట దారి.

"నేను టీపొడి కొనేదానికి అంగడికి పోయింటి," అన్నాడు అన్న. "వచ్చి చూస్తే బండి ఇంటి దారికి తిప్పి పెట్టుండాది. 'పాపకు కాదుకుత్తు అంట, చెవులు కుట్టాలంట, ఎక్కు' అనింది."

"నన్ను తిట్టలేదా?"

"తిట్టలేదు మే. దార్లో ఏడ్చింది కొంచెం. ఏమంటే, కంట్లో ఇసక పడిందనింది. అద్దాలన్నీ ఎక్కించుంటే ఇసక యాడిది?"

తిట్టి ఉంటే ఎంత బాగుండేది వదినా. ఒక్కసారి, ఏదో ఒక పండక్కి, ఒక్క దెప్పుపొడుపు మాట. నా కూతురి చెవి పోగులు చూసినప్పుడల్లా మురిసిపోయావే గానీ, ఒక్క మాట అనలేదు. నేను దాని ముఖం ఎట్లా చూసేది ఇప్పుడు?

అక్కడ కూర్చోలేక షెడ్డులోకి వెళ్ళాను. బండి మూతి రోడ్డు వైపే ఉంది. లోపల పొయ్యి పక్కన టీపొడి పొట్లం, అంగట్లో కట్టిన దారం కట్టినట్టే ఉంది. డ్రైవరు సీటు ఎక్కి ఆ దిండు మీద కూర్చున్నాను. నేనూ పొట్టిదాన్నే. కాళ్ళు రెండూ సరిగ్గా బ్రేకుకూ క్లచ్చికీ అందాయి.

అన్న వచ్చి, అలవాటుగా ఎడమ పక్క తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు.

"నీకు తోలను రాదు గదా మే."

"నేర్చుకుంటా అన్నా."

తెరిచిన గేటు అవతల రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను స్టీరింగు మీద చేతులు పెట్టాను. తాళంచెవి ఇంకా ఇంట్లో మేకుకే వేలాడుతోంది.

"మెల్లగా," అన్నాడు మా అన్న.