విక్టర్ మేనత్తలు

మీరు ఏ ఊరి పేరైనా చెప్పండి, అక్కడ విక్టర్‌కు ఒక మేనత్త ఉంటుంది. బహ్రెయిన్‌లో ఒకే హోటల్లో అతనితో కలిసి పనిచేసినన్నాళ్ళూ మేనత్త లేని ఊరు నేను వినలేదు.

ఒకసారి సిత్రాలోని కూలీల క్యాంపు నుంచి నర్సింలు అనే మేస్త్రీ టీ తాగడానికి వచ్చాడు. ఏ ఊరని అడిగాను.

"మాది కోరుట్ల దిక్కు," అన్నాడు.

విక్టర్ ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు. "గట్లనా! మా మేనత్తను గాడనే ఇచ్చిన్రు!"

మరుసటి శుక్రవారం పాలకొల్లు ఆయన కలిస్తే మేనత్త కాపురం పాలకొల్లుకు మారిపోయింది. విక్టర్ యాస కూడా ఆవిడ వెంటే వెళ్ళింది. "అసలు నీదే ఊరయ్యా?" అంటే మాత్రం, "టీ చల్లారిపోతందండి, తాగండి," అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

మనవాళ్ళు ముందు "ఏ ఊరు?" అంటారు. తర్వాత "ఊళ్ళో ఎక్కడ?" అంటారు. ఆ రెండోది వీధి కోసం కాదు, కులం కోసం. సముద్రం దాటాం, ఒకే తెలుగు చర్చిలో ఒకే బల్ల దగ్గర రొట్టె విరుస్తున్నాం. ఆ ప్రశ్న మాత్రం వీసా లేకుండానే మా వెంట వచ్చేసింది. తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

రూతమ్మగారు అద్లియాలో ఫ్లాటు తీసుకుని ఆడపిల్లలకు మంచాలు అద్దెకిచ్చేది. మా చర్చి ప్రార్థనలో అందరికంటే ఆవిడ గొంతే పెద్దది. 2006లో బ్యూటీ పార్లర్‌లో కొత్తగా చేరిన రెబెకాను వెంటబెట్టుకుని విక్టరూ నేనూ ఆవిడ గుమ్మం ఎక్కాం. అక్కడ కాదంటే ఆ పిల్లకు తలదాచుకునే చోటు లేదు.

"మంచం ఉంది. ఏ ఊరమ్మా?"

"తణుకు దగ్గరండి."

"ఊళ్ళో ఎక్కడ?"

రెబెకా తల వంచుకుంది. పోయిన నెల మెర్సీ అనే పిల్ల ఇదే గుమ్మంలో తన పేట ఏదో నిజం చెప్పి, మంచం దొరక్క సంచి తీసుకుని వెనక్కి వెళ్ళింది.

"మా మేనత్త కూతురండి," అన్నాడు విక్టర్.

"మీ మేనత్తది కోరుట్లన్నావు. పాలకొల్లన్నావు. ఎంతమందయ్యా నీకు?"

విక్టర్ సిగ్గుపడుతూ గొంతు తగ్గించాడు. "ఏం చెప్పమంటారండి! మా తాత నాటకాల్లో రాజు వేషం కట్టేవోడు. ఆడిన ప్రతి ఊళ్ళోనూ ఓ కాపురం పెట్టేశాడు."

రూతమ్మగారి మొహం వెలిగిపోయింది. కులం సంగతి గాలికిపోయింది. "అయ్యయ్యో! మీ నాయనమ్మ ఊరుకుందా?" అని కుర్చీ లాక్కుని, ఆ కబుర్ల సందడిలోనే తాళంచెవి రెబెకా చేతిలో పెట్టేసింది.

విక్టర్ ఎప్పుడూ ఊడిపడేది ఎదుటివాళ్ళు ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పకముందేనని మెట్లు దిగుతుంటే నాకు వెలిగింది.

"మీ తాత నిజంగా అంత రసికుడా?"

"చర్చిలో ఉపదేశి అండి. మా నాయనమ్మని తప్ప ఇంకో ఆడమనిషిని తలెత్తి చూసెరగడు. మా నాన్నొక్కడే సంతానం."

"మరి ఆయన పరువు అలా తీసేశావేం?"

"పోయినాయనకి పరువుతో ఏం పనండి? ఈ పిల్లకి మంచం కావాలి గానీ."