ఎనిమిది నోట్‌బుక్‌లు, ఇరవై ఏడు వ్యాఖ్యలు

ఇప్పుడు మీకొక మహాకావ్యం చెప్పబోతున్నాను. ఇందులో రహస్యం బట్టబయలవడం ఉంది, గురువు ముందు శిష్యుడు తలవంచుకుని నిలబడటం ఉంది, యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేట దాకా ఒక దండయాత్ర కూడా ఉంది.

నిజం చెప్పాలంటే ఆ దండయాత్ర మెట్రోలో రెండు స్టేషన్లు. మిగతాదంతా హోంవర్క్.

అమీర్‌పేటలో డేటా కోర్సు చేస్తున్న రోజులవి. సార్ మొదటి క్లాసులోనే పద్ధతి చెప్పారు. అసైన్‌మెంట్లన్నీ ఆన్‌లైన్‌లో ఒకచోట ఉంటాయి. అక్కడి నుంచి మన ల్యాప్‌టాప్‌లోకి దించుకుంటే అది పుల్. నోట్‌బుక్ అంటే ఆ ఫైలే, దాన్ని తెరిచి ఖాళీ గళ్లలో కోడ్ రాసి నడిపించాలి. రాసినంత వరకు భద్రం చేసి, పక్కన ఏం చేశామో ఒక వాక్యం రాసుకుంటే కమిట్. అంతా అయ్యాక తిరిగి పైకి పంపితే పుష్. “చాలా సింపుల్ బాబూ” అన్నారు. ఆయనది గోదావరి వైపు. ఎంత కష్టమైనదాన్నయినా సింపుల్ అనే అంటారు.

ఒక షరతు మాత్రం పెట్టారు. ఒక్కో నోట్‌బుక్‌కి కనీసం మూడు కమిట్లుండాలి, లేదంటే కాపీ కొట్టినట్టే లెక్క. అంతకుముందు బ్యాచ్‌లో అందరూ ఒకే తప్పును ఒకే గడిలో చేశారట. జిరాక్స్ షాపుల మధ్య నడిచే చదువు మరి, అలాగే ఉంటుంది.

ఎనిమిది నోట్‌బుక్‌లూ శనివారం సాయంత్రం ఐదులోపు పంపినవాళ్ల పేర్లు పంజాగుట్టలో ఒక ఆఫీసుకు వెళ్తాయి. సోమవారం ఇంటర్వ్యూ. “ఏం చేస్తున్నవ్” అని అడిగిన ప్రతివాళ్లకూ ఏడాదిగా “నేర్చుకుంటున్న” అని చెబుతూ వస్తున్నాను. ఆ లిస్టులో నా పేరు ఉండాలి. దీని మీద కూడా ఒక జోకు వేద్దామని చూశాను, రాలేదు.

నోట్‌బుక్‌లన్నీ నేనే చేశాను. పుష్ మాత్రం చివర్లో ఒకేసారి చేద్దామనుకున్నాను. పైకి వెళ్లేది నోట్‌బుక్ ఒక్కటే, పక్కన రాసిన వాక్యం నా ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుందని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో మనసులో ఉన్నదంతా అక్కడ రాసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం గడువు సరిచూసుకుందామని ఆన్‌లైన్‌లో అసైన్‌మెంట్ల పేజీ తెరిచాను. ప్రతి ఫైలు పక్కనా సార్ రాసిన వాక్యం చక్కగా కనిపిస్తోంది. అంటే నావీ అలాగే కనిపిస్తాయి. అలాంటివి ఇరవై ఏడు ఉన్నాయి.

మా రూమ్మేట్ అన్నం తింటున్నాడు. పంజాగుట్టలో ఒక బట్టల షాపులో ఆల్టరేషన్లు చేస్తాడు, మధ్యాహ్నం షిఫ్ట్.

“అన్నా, మునిగిన.”

“బట్టలు పొడిగనే ఉన్నయ్ గదా. ఏమైంది?”

ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పాను. రెండో వాక్యం దగ్గరే పొలమారింది. నీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు.

“గివి చూస్తె మీ సార్ నిన్ను లిస్టుల ఏస్తడా?”

“గందుకే గదా పరేషాన్.”

“ఫికర్ ఎందుకు? కుట్టు ఇప్పెయ్. అన్నీ ఇప్పి ఒక్కటే కుట్టు ఎయ్.”

“ఒక్కటే ఉంటె కాపీ అంటడు. దేనికి దానికి మూడు ఉండాలె.”

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. “అంటే నువ్వు సార్‌ని తిట్టిన తిట్లే, నువ్వు కష్టపడ్డవని సాక్ష్యమా?”

“అవ్.”

“మస్తుంది భాయ్ నీ చదువు” అని చెయ్యి కడుక్కుని షాపుకు వెళ్లిపోయాడు.

కమిట్ల పక్కన రాసిన మాటలు మార్చే దారి ఒకటుందని ఇంటర్నెట్ చెప్పింది. తేడా వస్తే చేసిందంతా పోతుందని కూడా దాని కిందే చెప్పింది. తేడా రాకుండా నేను చేసిన పని ఏదైనా ఉందా అని ఆలోచించి, కళ్లు మూసుకుని పుష్ కొట్టాను. కళ్లు మూసుకోవాల్సిన అవసరం లేదు. కొట్టినా తెరమీద పెద్దగా ఏమీ జరగదు.

ఆయన చదివేలోపే వెళ్లి సారీ చెప్పేస్తే మేలనిపించి, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని మెట్రో ఎక్కాను. సార్ ల్యాబ్‌లో ఫ్యాన్ కిందికి కుర్చీ జరుపుకుని కూర్చున్నారు.

“సార్, సారీ సార్. అవి కోపంల రాసిన.”

“ఏవి?”

“కమిట్ల పక్కన...”

“అవెవరు చదువుతారు బాబూ? ఎన్నున్నాయో ప్రోగ్రామే లెక్కపెట్టుకుంటుంది.”

తెలివైనవాడైతే అక్కడే దండం పెట్టి మెట్లు దిగేవాడు. నేను నిలబడే ఉన్నాను.

“ఇంతకీ ఏం రాశావేంటి?” అంటూ ఆయన తెరిచారు. హాజరు పిలిచే గొంతుతో చదవడం మొదలుపెట్టారు.

“‘సార్ సింపుల్ అన్నడు. ఇగ గంట పోయినట్టే.’ ఊఁ. ‘ఈ కోడ్ సార్ ల్యాప్‌టాప్‌లనే నడుస్తది, దానికి ఆయనంటే భయం.’ ఊఁ. ‘నాలుగో ప్రశ్న అయింది. ఏసీ సుత అయిపోయింది.’”

ఆగారు. తల పైకెత్తి ఏసీ వైపు చూశారు.

“ఇది మాత్రం కరెక్టే. మన ఇన్‌స్టిట్యూట్ ఆఫీసు వాళ్లకి నేనూ రెండుసార్లు చెప్పాను.”

ఇంకేమైనా అంటారేమోనని చూశాను. ఆయన మార్కుల పట్టిక తెరిచారు.

“నీకు ఏడే ఉన్నాయేంటి?”

“ఎనిమిది సార్.”

“ఏడు.”

నా పేరు ఎదురుగా నిజంగానే ఏడు ఉంది. గోడ గడియారంలో నాలుగున్నర. కాళ్లు చల్లబడ్డాయి. ఏసీ లేని గదిలో అది నా సొంత ఏర్పాటు.

“ఆరోది ఎక్కడ పెట్టావు?”

“తొందర్ల... సబ్మిషన్స్ ఫోల్డర్ బయట సార్.”

“లోపల పెట్టాలి కదా బాబూ.”

ల్యాప్‌టాప్ తెరిచి ఫైలును లోపలికి జరిపాను. కమిట్ పక్కన వాక్యం రాయమంది. సార్ నా వెనకే నిలబడి ఉన్నారు. “ఆరో నోట్‌బుక్‌ను ఫోల్డర్‌లోకి మార్చాను” అని రాశాను. నా రచనల్లో మర్యాదగా ఉన్నది అదొక్కటే. పుష్ కొట్టాను. పట్టికలో ఏడు ఎనిమిదయింది.

“చాలా సింపుల్” అన్నారు సార్. ఈసారి నిజంగానే నిమిషం కూడా పట్టలేదు.

సాయంత్రం లిస్టులో నా పేరుంది. ఇది విన్నాక మా రూమ్మేట్ “నిజం ఒప్పుకున్నవ్, గందుకే బయటపడ్డవ్” అన్నాడు. అదేం కాదు. నోట్‌బుక్‌లు సబ్మిషన్స్ అనే ఫోల్డర్ లోపల పెట్టాలి, బయట పెడితే లెక్కలోకి రావు.