వెండెల్ స్ట్రోకా అతితెలివి

ఒహాయో నది ఒడ్డున, ఉక్కు మిల్లు మూతపడ్డ ఆ ఊళ్లో వెండెల్ స్ట్రోకా అంటే మహా ఘనుడు. తొమ్మిదేళ్లు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్, అదే బంతి చేత్తో పట్టి ఆడే అమెరికా రకం, ఆడాడు. ఆడాడంటే బంతి పట్టుకుని పరిగెత్తాడనుకునేరు! బంతి విసిరే తమ జట్టువాడికి కాపుగా నిలబడి, మీదికొచ్చేవాళ్లని తలతో కుమ్మడమే అతని ఉద్యోగం. దానికే ఊరు ఊరంతా ఊగిపోయేది.

జట్టులో చేరగానే జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి మార్కులు రాసుకుంటారు. తలకి దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష. మార్కులు తగ్గాయా, ఆట బంద్. మన మేధావి దీనికో ఉపాయం కనిపెట్టాడు.

"మొదటిసారే కావాలని తప్పులు పెట్టేశా. ఇంక తగ్గడానికేముందిరా?" అని బార్లో బీరు గ్లాసెత్తి చెప్పేవాడు.

"ఓరి నీ బుర్ర బంగారం గానూ!" అని బారు ఓనరు భుజం చరిచేవాడు. పక్కనే కూర్చున్న భార్య లోర్నా కూడా పగలబడి నవ్వేది.

ఆ ఉపాయం పుణ్యమా అని, కళ్లు బైర్లు కమ్మిన ప్రతిసారీ మరుసటి ఆదివారానికల్లా మైదానంలో ఉండేవాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కడికీ సిగ్గులేదు.

నలభై నాలుగో ఏట సొంత వీధిలో ఇల్లు కనుక్కోలేకపోయాడు. పొయ్యి వెలిగించి మరిచిపోయేవాడు. లోర్నా పనికెళ్లకపోతే ఇల్లు గడవదు, అతన్ని ఒంటరిగా వదిలితే ఇల్లే ఉండదు. జబ్బు ఆట వల్లే వచ్చిందని, పోటీలు నడిపే లీగు తాలూకు డాక్టరు సంతకం పెడితే, పగలు చూసుకునే మనిషిని లీగువాళ్లే పంపుతారు. అందుకే లోర్నా అతన్ని ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరు పరీక్ష పెట్టి, పాత కాగితం తీసి చూశాడు. "జట్టులో చేరినప్పుడు ముప్పైకి ఇరవై రెండు మార్కులు, ఇప్పుడూ ఇరవై రెండే. కొత్తగా తగ్గిందేమీ లేదమ్మా. మీ ఆయన మొదట్నించీ ఇంతే."

"అప్పుడు కావాలని తప్పులు పెట్టాడండీ! ఊరంతా ఎరుగుదురు."

"ఊరి మాట నేను రాయలేను. ఆయన్నే చెప్పమనండి."

లోర్నా అతని చెయ్యి పట్టుకుంది. "చెప్పు వెండెల్. బార్లో రోజూ చెప్పేవాడివే, ఆ పరీక్ష సంగతి!"

వెండెల్ ఆమెని ఎగాదిగా చూశాడు. "నేనా? దొంగ పరీక్ష రాశానా? ఏం మాటలే అవి! డాక్టరు గారూ, నేను జన్మలో మోసం చేసి ఎరగను."

"విన్నారుగా," అని డాక్టరు ఫైలు మూసేశాడు.

లోర్నాకి అతని చెంప ఛెళ్లుమనిపించాలనిపించింది. బార్లో నవ్విన తన చెంప కూడా. వెండెల్ కోటు బొత్తాలు పెట్టుకోవడం చేతకాక, నిజాయితీపరుడి దర్జాతో అలాగే నిలబడ్డాడు. ఆమే ఒక్కొక్కటీ పెట్టింది.